బార్సిలోనాలో బంతాట చూచు తావులు

మధ్యధరా సముద్రతీరమున వెలసిన రేవు పట్టణములలో బార్సిలోనా ప్రసిద్ధమైనది. కాటలోనియాకు అది రాజధాని. వేసవి వచ్చినదనిన చాలును, ఉత్తర యూరపు దేశములవారు ఎండకును సముద్రస్నానమునకును ఆశపడి ఆ నగరమునకు తండోపతండములుగా వత్తురు. వారిలో ఫుట్‌బాల్ యెడ మక్కువ గలవారు దిగినది మొదలు అడుగు ప్రశ్న ఒక్కటే: పెద్ద పోటీ జరుగునాడు ఎచ్చట కూర్చుండి చూడవలెను? హోటలు గుమాస్తా స్టేడియం పేరు చెప్పును. టికెట్టు దొరకనిచో ప్రక్క వీథిలోని పానశాలను చూపును. అతని మాట తప్పు కాదు. కాని ఆ నగరమున ఆట చూచు తావులకు నూరేండ్లకు పైబడిన కథ కలదు. ఏ తావున నిలిచి చూచినారు, ఏ భాషలో కేకలు వేసినారు, ఆట ముగిసిన పిమ్మట ఏ దారిని ఇంటికి నడచినారు అను విషయములకు గెలుపోటముల కంటె ఎక్కువ విలువ ఉండిన దినములు అచ్చట గడచినవి.

ఆ తావులలో అన్నిటికంటె పేరు పొందిన దానియందు బంతియే కనబడదు. కాటలోనియా చౌకమునుండి సముద్రమువైపు దిగిపోవు విశాలమైన వీథిని రాంబ్లా అందురు. ఆ వీథి మొదట పోతయినుముతో చేసిన పాతకాలపు నీటికొళాయి ఒకటి, తలపై దీపములతో నిలిచియున్నది. దాని పేరు కనలేతెస్. ఆ నీరు త్రాగినవారు బార్సిలోనాకు మరల వచ్చి తీరుదురని ఊరివారి నానుడి. బార్సిలోనా క్లబ్బు గొప్ప పోటీ గెలిచిన రాత్రి జనమంతయు ఆ కొళాయి చుట్టు చేరుదురు. కారణము తెలియని పరదేశి, కొళాయికిని బంతికిని సంబంధమేమని ఆశ్చర్యపడును.

ఆ సంబంధము ఒక నల్లబల్ల వలన కలిగినది. జోసెప్ సున్యోల్ అను న్యాయవాది 1930లో 'లా రాంబ్లా' అను పత్రికను స్థాపించెను. క్రీడ, పౌరధర్మము అను రెండు మాటలు దానికి ధ్యేయవాక్యము. పత్రిక కార్యాలయము కొళాయికి చేరువనే ఉండెను. పరాయి ఊరిలో జరిగిన పోటీ ఫలితము అందగనే కార్యాలయమువారు దానిని నల్లబల్లపై వ్రాసి వీథికి ఎదురుగ పెట్టుచుండిరి. జనము ఆట చూచుటకు గాక అంకెలు చూచుటకు వచ్చిరి. రెండు అంకెలు చదివి, వానినుండి తొంబది నిముషముల ఆటను ఎవరికి తోచినట్లు వారు ఊహించుకొని, రాత్రి ప్రొద్దుపోవువరకు అచ్చటనే నిలిచి వాదులాడుకొనుచుండిరి. సుద్దముక్కకు ఎంత శక్తి కలదో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పవలసిన పని లేదు.

క్లబ్బు పుట్టుక అంతకు మూడు దశాబ్దములకు ముందటిది. 1899 అక్టోబరులో హాన్స్ గాంపెర్ అను స్విట్జర్లాండు యువకుడు, ఆటగాండ్రు కావలెనని ఒక క్రీడాపత్రికలో ప్రకటన వేయించెను. నవంబరు 29న క్లబ్బు ఏర్పడెను. డిసెంబరు 8న సైకిలు పందెములకై కట్టిన ఒక మైదానమున మొదటి ఆట ఆడి, ఆ ఊర నివసించు ఇంగ్లీషువారి చేతిలో ఒక గోలు తేడాతో ఓడిరి. 1909లో ఇండస్ట్రియా వీథిలో సొంత మైదానము అమరెను. అందు ఆరువేలమందికి మించి చోటు లేదు. చోటు చాలనివారు ఎత్తైన గోడపై వరుసగ కూర్చుండి ఆట చూచుచుండగా, వీథిని పోవువారికి వారి వెనుకభాగములు మాత్రమే కనబడెడివి. నాటినుండి ఆ క్లబ్బు అభిమానులకు 'కులే' అను పేరు స్థిరపడెను. ఆ పదమునకు అర్థము తరగతి గదిలో విడమరచి చెప్పుట ఉపాధ్యాయునకు ఇబ్బందియే గాని, పిల్లలు తామే గ్రహింతురు. అభిమానులు మాత్రము ఆ పేరునకు సిగ్గుపడక బిరుదమువలె ధరించిరి. నేటికిని ధరించుచున్నారు.

1922లో లెస్ కోర్ట్స్ అను పేటలో పెద్ద మైదానము తెరచిరి. ఆట చూచుట అను మాటకు అచ్చటనే వేరొక అర్థము కలిగెను. 1925 జూన్ 14న 'ఓర్ఫెయో కతలా' అను కాటలాన్ గాయకబృందమునకు గౌరవసూచకముగ ఒక పోటీ ఏర్పాటు చేసిరి. అప్పుడు స్పెయిన్ దేశము సేనాధిపతి ప్రీమో దె రివేరా నియంతృత్వమున ఉండెను. రేవునకు వచ్చిన బ్రిటిషు నౌకాదళపు వాద్యబృందము స్పెయిన్ రాజగీతము వాయించుటకు మొదలిడగనే ప్రేక్షకులు ఈలలతో దానిని ముంచివేసిరి. అదే బృందము బ్రిటిషు రాజగీతము అందుకొనగా చప్పట్లు మ్రోగించిరి. ఫలితముగ మైదానమును ఆరు నెలలు మూసివేయవలెనని ఆజ్ఞ వెలువడెను. పిమ్మట ఆ గడువును తగ్గించిరి. గాంపెర్ అధ్యక్షపదవి విడచి స్పెయిన్ దేశమును వీడిపోవలసివచ్చెను. పాలకులు ఒక జట్టును శిక్షించుట కద్దు. ఇచ్చట శిక్ష పడినది ఆడినవారికి కాదు, చూచినవారికి.

తరువాతి కథ మఱింత విషాదకరము. నల్లబల్ల పెట్టించిన సున్యోల్ 1935లో క్లబ్బునకు అధ్యక్షుడయ్యెను. మరుసటి యేట అంతర్యుద్ధము మొదలైన కొన్ని వారములకే, ఆగస్టు నెలలో, మాద్రిద్ సమీపమున గ్వాదరామా కొండలలో ఫ్రాంకో సైనికులకు చిక్కి వారి తుపాకిగుండ్లకు బలియయ్యెను. 1939లో యుద్ధము ముగిసి ఫ్రాంకో ప్రభుత్వము స్థిరపడిన పిమ్మట కాటలాన్ భాషకు బడిలో గాని, పత్రికలో గాని, కచ్చేరిలో గాని చోటు లేకపోయెను. క్లబ్బు పేరును సైతము స్పానిష్ పద్ధతికి మార్పించిరి. చిహ్నములోని కాటలాన్ పతాకపు నాలుగు ఎఱ్ఱగీతలు రెండయినవి. గీతలు 1949లో తిరిగి వచ్చినవి గాని, పేరు తిరిగి వచ్చుటకు 1973 వరకు ఆగవలసివచ్చెను. తల్లిభాషను ఇంటి గడప లోపల మాత్రమే మాటాడవలసిన కాలమున, వేలమంది నడుమ నిలబడి దానిలో కేకవేయగల తావు ఫుట్‌బాల్ మైదానము. ఆటగానిని తిట్టినను, రిఫరీని తిట్టినను, తిట్టు తమ భాషలోనిదే.

ఆ కాలపు ఆదివారములలో ఒకటి ప్రత్యేకముగ చెప్పదగినది. 1951లో బార్సిలోనా ట్రాముబండ్ల చార్జీని 50 సెంటిములనుండి 70 సెంటిములకు పెంచిరి. మాద్రిద్‌లో అదే ప్రయాణమునకు 40 సెంటిములే. యుద్ధము నాటినుండి తిండికి కటకటలాడుచున్న కూలిజనమునకు ఈ తేడా సహింపరానిదయ్యెను. సమ్మె నేరము, సభ నేరము, ఊరేగింపు నేరము. నడచుట మాత్రము నేరము కాదు. ట్రాము ఎక్కవలదని చేతికాగితములు ఊరంతయు రహస్యముగ తిరిగినవి. మార్చి 1వ తేదీనుండి జనము పనికి నడచిపోజొచ్చిరి. ఖాళీ ట్రాములు గంట కొట్టుకొనుచు పట్టాలపై తిరుగుచుండెను.

మార్చి 4 ఆదివారము. లెస్ కోర్ట్స్‌లో సాంతాందేర్ జట్టుతో పోటీ. ఆనాడు వాన. పట్టుదల వానలో కరగునని పాలకులు ఆశించియుందురు. ఆట విడుచు వేళకు మైదానము వెలుపల ట్రాములను వరుసగ నిలిపి ఉంచిరి. బార్సిలోనా జట్టు 2-1 గోళ్ళతో గెలిచెను. వేలకొలది ప్రేక్షకులు వెలుపలికి వచ్చిరి. నిలిచియున్న ట్రాములను చూచిరి. వాని ప్రక్కనుండియే తడియుచు ఇండ్లకు నడచిపోయిరి. ఎవరును నినాదము చేయలేదు, రాయి విసరలేదు. రెండు దినములకు చార్జీ పెంపు రద్దయ్యెను. ఆ నెలలోనే పెద్ద సమ్మె ఒకటి చెలరేగెను. గవర్నరు పదవి ఊడెను. ఫ్రాంకో ప్రభుత్వము ప్రజలకు తలయొగ్గిన సందర్భములు బహు తక్కువ. అట్టివానిలో ఇది ఒకటి. ఆనాటి రెండు గోళ్ళు ఎవరు కొట్టిరో నగరమున ఎందరికి గుర్తున్నదో గాని, వానలో నడక మాత్రము చరిత్ర గ్రంథములకు ఎక్కెను.

హంగరీనుండి పారిపోయి వచ్చిన లాడిస్లావ్ కుబాలా 1950లో క్లబ్బులో చేరి, మరుసటి యేటినుండి ఆడ మొదలిడగనే అతని ఆట చూచుటకు వచ్చు జనమునకు లెస్ కోర్ట్స్ ఇరుకాయెను. 1954లో క్రొత్త స్టేడియమునకు శంకుస్థాపన జరిగెను. 1957 సెప్టెంబరు 24న, నగరదేవత మెర్సే మాత పండుగనాడు, తలుపులు తెరచిరి. హాండెల్ రచించిన 'మెస్సయ్యా' నుండి హల్లెలూయా గానము చేసిరి. కాటలాన్ జానపదులు చేతులు పట్టుకొని వలయముగ ఆడు సర్దానా నృత్యము చేసిరి. పిమ్మట వార్సా జట్టుపై 4-2 గోళ్ళతో గెలిచిరి. సుమారు 93,000 మంది పట్టు ఆ కట్టడమునకు ఘనమైన అధికార నామము ఒకటి పెట్టిరి గాని జనము దానిని లెక్కపెట్టక 'కాంప్ నౌ' అనిరి. క్రొత్త మైదానము అని అర్థము. క్లబ్బు సభ్యులు ఓట్లు వేసి ఆ పేరునే అధికారికము చేయుటకు 2000-01 ఆటల కాలము వరకు పట్టెను. నలువదేండ్లు దాటినను అది క్రొత్త మైదానమే!

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. క్లబ్బును ఆదినుండి తుదివరకు స్వేచ్ఛకొరకు పోరాడిన కోటగ వర్ణించుట నేటి అభిమానులకు వాడుక. సత్యము అంత సూటిగ లేదు. ఆ కాలపు అధ్యక్షులలో పెక్కురు ప్రభుత్వమునకు అనుకూలురు. 1971లోను 1974లోను క్లబ్బు ఫ్రాంకోకు పతకములు సమర్పించెను. వానిని 2019లో గాని రద్దు చేయలేదు. పై వరుసలో కూర్చున్న పెద్దలు ఒకటి, మెట్లమీద నిలిచిన జనము వేరొకటి. చెప్పిన గౌరవమంతయు మెట్లమీదివారికే చెందవలెను.

నగరములోని రెండవ పెద్ద క్లబ్బు ఎస్పాన్యోల్ సంగతి అన్యాయముగ మరుగున పడుచుండును. 1900లో స్థాపితమైన ఈ క్లబ్బు సారియా పేటలో 1923 మొదలు 1997 వరకు ఆడెను. స్పెయిన్ లీగు పోటీల చరిత్రలో మొట్టమొదటి గోలు 1929 ఫిబ్రవరి 10న ఆ మైదానముననే పడెను. 1982 ప్రపంచకప్పు పోటీలలో ఇటలీ, బ్రెజిల్ జట్లు తలపడినదియు అచ్చటనే. కాంప్ నౌ అప్పటికి లక్షమందికి పైగ పట్టునట్లు పెంచబడియుండెను. అయినను ఆ పోటీల మొత్తములో చెప్పుకొనదగిన ఆట అందు సగమైనను పట్టని ఇరుకు సారియాకు దక్కెను. జూలై 5వ తేదీన పావులో రోసీ మూడు గోళ్ళు కొట్టగా ఇటలీ 3-2తో గెలిచెను. ఆ మైదానమును అప్పులు తీర్చుటకై అమ్మి, 1997లో పడగొట్టిరి. ఎస్పాన్యోల్ జట్టు 2009నుండి నగరపు పొలిమేరలోని కొర్నెయా-ఎల్ ప్రాత్ స్టేడియమున ఆడుచున్నది.

ఫ్రాంకో 1975 నవంబరు 20న మరణించెను. ఆ డిసెంబరులో రియల్ మాద్రిద్ జట్టు కాంప్ నౌకు వచ్చినప్పుడు చొక్కాల క్రింద దాచి తెచ్చిన కాటలాన్ పతాకములు మెట్లమీద వందలకొలది విచ్చుకొనెను. అంతకంటె లోతైన మార్పు మరుసటి యేట వచ్చెను. అది కంటికి కాదు, చెవికి. 1976 సెప్టెంబరు 5న లాస్ పాల్మాస్ జట్టుతో జరిగిన పోటీని వహకీమ్ మరియా పుయాల్ అను యువకుడు బార్సిలోనా రేడియోలో కాటలాన్ భాషలో వినిపించెను. రమారమి నలువదేండ్లుగ ఆ భాషలో ఫుట్‌బాల్ వ్యాఖ్యానము వినబడలేదు. పనిలో ఇబ్బంది ఊహింపదగినదే. ఆటలోని మాటలన్నియు జనము నోట స్పానిష్‌లోనే పాతుకొనియుండెను. బంతిని స్పానిష్‌లో బలోన్ అందురు, కాటలాన్‌లో పిలొతా అందురు. ఇట్టి మాట గుర్తు తెచ్చుకొనుటకు వ్యాఖ్యాతకు క్షణమైనను వ్యవధి ఉండదు. బంతి ఆగదు గదా. ఉన్న మాటలను వెదకి, లేనివానిని కూర్చి, పుయాల్ నాలుగు దశాబ్దములు ఆ పని చేసెను. కాటలాన్ భాషకు పెద్ద దిక్కైన పండితసభ ఆయనను తనలో చేర్చుకొనుటలో వింత లేదు. నిఘంటువు చదువని కూలివాడును ఆదివారము చెవికి రేడియో ఆనించుకొని తన భాష వినెను. మెట్లమీద కూర్చుండి కన్నులతో ఆట చూచుచు, చెవితో పుయాల్‌ను వినువారును ఉండిరి.

1992 మే 20న లండన్‌లోని వెంబ్లీ స్టేడియమున బార్సిలోనా తొలిసారి యూరపు కప్పు గెలిచెను. ఆట లండన్‌లో, జనము మాత్రము కనలేతెస్ వద్ద. కప్పుతో తిరిగి వచ్చిన ఆటగాండ్రను కాటలోనియా ప్రభుత్వ భవనపు వసారాలో నిలిపిరి. అప్పటికి ఇరువదియొక్క యేండ్ల పెప్ గార్దియోలా ముందుకు వచ్చి, కాటలోనియా పౌరులారా, ఇదిగో కప్పు మీ ముందున్నది అని కాటలాన్‌లో పలికెను. క్రింద నిలిచిన పెద్దవారికి ఒడలు పులకరించెను. 1977లో, నలువది యేండ్లకు చేరువైన ప్రవాసమునుండి తిరిగి వచ్చిన కాటలోనియా అధ్యక్షుడు తార్రాదెల్లాస్ అదే వసారానుండి, ఇదిగో నేను వచ్చితిని అని అటువంటి మాటలనే పలికియుండెను.

ఆ సంవత్సరముననే బార్సిలోనాలో ఒలింపిక్ క్రీడలు జరిగినవి. లోకమంతయు ఆ నగరపు సముద్రతీరమును టెలివిజన్‌లో చూచెను. విహారయాత్రికుల వెల్లువ నాటినుండి పెరుగుచునే ఉన్నది. ఆట చూచు తావులకు ఇప్పుడు వచ్చిన చిక్కు నియంతల వలన కాదు, అతిథుల వలన. పోటీకి రాలేని సభ్యుడు తన ఆసనమును క్లబ్బునకు అప్పగించినచో క్లబ్బు దానిని పరదేశులకు మంచి వెలకు అమ్మును. ఇరుపక్షములకు లాభమే. నష్టము ఏమిటో 2022 ఏప్రిల్ 14న తెలిసివచ్చెను. ఈస్టరు సెలవులు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ జట్టుతో పోటీ. ఆ జట్టు అభిమానులకు కేటాయించినవి సుమారు అయిదువేల టికెట్లు. మైదానమున ఆసీనులైనవారు సుమారు ముప్పదివేలమంది! తెల్లదుస్తుల జర్మనుల గానముతో కాంప్ నౌ మ్రోగిపోయెను. బార్సిలోనా 2-3తో ఓడెను. క్లబ్బు అధ్యక్షుడు సిగ్గుపడుచున్నానని చెప్పెను. ఈ ఆసనములను ఎవరును బలవంతముగ లాగుకొనలేదు. ఊరివారే అమ్ముకొనిరి.

దీనికి రెండు వారముల ముందు, మార్చి 30న, అదే స్టేడియమున బార్సిలోనా స్త్రీల జట్టు రియల్ మాద్రిద్ స్త్రీల జట్టుతో ఆడగా 91,553 మంది చూచిరి. ఏప్రిల్ 22న జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ జట్టుతో ఆడినప్పుడు 91,648 మంది వచ్చిరి. స్త్రీల పోటీకి అంతమంది వచ్చుట అంతకుముందు లోకమున లెక్కలకు ఎక్కలేదు. తల్లులు కూతుండ్ర చేయిపట్టుకొని వచ్చిరి. ఒకే వసంతమున, ఒకే మెట్లమీద, ఈ మూడు పోటీలు జరిగినవి.

మఱి టికెట్టు లేనివారి మాట? లీగు పోటీలలో పెక్కు రుసుము కట్టిన టెలివిజన్‌లో మాత్రమే వచ్చుట వలన పేట పేటకు ఉన్న చిన్న పానశాలలే వారికి మైదానములు. రాత్రి తొమ్మిది గంటలకు ఆట మొదలగుట అచ్చట సాధారణము. అదే వారి భోజనవేళ. ఆలివు కాయలు, బంగాళాదుంపలు వేసిన అట్టు, గోడపై తెర, తెర క్రింద ఇరుకుగ నిలిచిన ఇరుగుపొరుగువారు. పాత పట్టణములో పరదేశులకై నడుపు ఐరిష్ పానశాలలు కలవు. వానిలో తెర పెద్దది, వ్యాఖ్యానము ఇంగ్లీషున. చూచునది అదే ఆట అయినను అచ్చట బార్సిలోనా వినబడదు. సాంత్స్‌లోనో, పోబ్లె సెక్‌లోనో ఒక మూల నిలబడినవారికి వినబడును.

కాంప్ నౌను 2023లో మరమ్మతులకై మూసిరి. రెండేండ్లకు పైగ క్లబ్బు మోంజుయిక్ కొండపైని ఒలింపిక్ స్టేడియమున ఆడెను. చుట్టును పరుగుపందెముల బాట ఉండుటచే ఆటగాండ్రు దూరముగ చీమలవలె కనబడుచున్నారని ముసలివారు గొణిగిరి. ఆ స్టేడియమునకు ల్యూయిస్ కొంపాన్యస్ పేరు పెట్టిరి. ఆయన కాటలోనియా అధ్యక్షుడు. 1940 అక్టోబరులో ఆ కొండమీది కోటలోనే ఫ్రాంకో ప్రభుత్వము ఆయనను కాల్పించెను. 2025 నవంబరు 22న, పని పూర్తికాకున్నను, సగము ఆసనములతో కాంప్ నౌ మరల తెరచుకొనెను.

గొప్ప పోటీలే చూడవలెనను పట్టు లేనివారికి గ్రాసియా పేటలో నౌ సార్దెన్యా అను చిన్న మైదానము కలదు. అది 1907లో పుట్టిన యూరోపా క్లబ్బుది. 1923లో ఆ జట్టు రాజకప్పు తుదిపోటీ వరకు వచ్చి, లెస్ కోర్ట్స్‌లో ఒక్క గోలుతో ఓడెను. 1929లో స్పెయిన్ లీగు మొదలైనప్పుడు చేరిన పది జట్లలో అదియు ఒకటి. మూడేండ్లకే పై తరగతినుండి జారిపోయెను. చుట్టును అపార్ట్‌మెంట్ల బాల్కనీలు మైదానములోనికి తొంగిచూచుచుండును. కొందరు ఇంటివారు కుర్చీలు వేసికొని అచ్చటినుండియే ఆట చూతురు. వారికి టికెట్టు అక్కరలేదు.